దడ సర్దార్

12 నవంబరు 1962, సోమవారం

ఎవలికి చెప్పుకునేటట్టు లేదు, అందుకని రాస్తున్న. కంపెనీ స్టోరుల ఎన్నడో ఇచ్చిన డైరీ సందుగు పెట్టె అడుగున పడి ఉన్నది. దాంట్ల తారీఖులు పాతయి, కొట్టేసి కొత్తయి రాసుకుంటున్న. నా పెండ్లాం సరోజనకు చదువు రాదు, అవ్వకు రాదు. ఇగ ఫికర్ లేదు.

పొద్దున బొగ్గు బాయి మీద, హాజరేసే మస్టర్ కాడ అందరం నిలబడ్డం. ఎవలు ఏ జాగకు పోవాల్నో మా పై సారు మొండయ్య ఓవర్‌మెన్ చెప్తుండు. బూటు దారం ఊడిందని కట్టుకోను వంగిన. లేచేటాలకు గుండె అందుకున్నది. ఇగ ఒకటే ఉరుకుడు. కండ్లు మసకలైనయి. గప్పుడే మొండయ్య నా పేరు పిలిచిండు. "సార్, నాకు దడ అయితుంది, జర కూసుంట" అన్న.

గంతే. ముందల గుండె అనే మాట పెట్టి గుండెదడ అని ఉంటే ఏం లేకపోవు. ఉట్టి దడ అన్న. దడ అంటే మా దిక్కు బుగులే, భయమే. చుట్టున్నోళ్లు ఒకలనొకలు చూసుకున్నరు. ఎనుకకెళ్లి ఎవడో, సర్దారన్న బండను చూసి దడుసుకున్నడురా అన్నడు. అందరు నవ్విండ్రు.

బాయి కప్పుకెళ్లి బండ పోయిన వారం పడ్డది. నా జాగలనే. ఒక్క మనిషికి గోరంత దెబ్బ తాకలే. ఎందుకు తాకలే? నేను కట్టెతోని కప్పు కొట్టి, మోత డొల్లగ ఉన్నదని అందరిని బయటికి తోలిన కాబట్టి. సర్దార్ పని గదే కద. మనుషులను లోపలికి పంపకముందు కప్పుకు ఒక చెయ్యి ఆనిచ్చి, ఇంకో చేతితోని కట్టె కొట్టి, మోత ఇనాలె. నిండుగ మోగితే సుద్దతోని గుర్తు పెట్టాలె. డొల్లగ మోగితే మనుషులను ఆపాలె. గా నాడు గదే మొండయ్య నా భుజం తట్టి, నీ చెవులకు బంగారు పోగులు చేపియ్యాలె గట్టయ్య అన్నడు. గసొంటి నేను దడుసుకుంటనా?

నేను దడుసుకోలే. నా పేరే గట్టయ్య.

13 నవంబరు

ఇయ్యాల ఏం లేదు. బాగనే ఉన్న.

15 నవంబరు, గురువారం

బాయికెళ్లి వచ్చి, తానం చేసి, అన్నం ముందల కూసున్న. మొదటి ముద్ద ఇంక నోట్లనే ఉన్నది, మళ్ల అందుకున్నది. మింగలేను, ఊంచలేను. సరోజన ఉరికొచ్చి నా ఛాతి మీద చెయ్యి పెట్టింది. పెట్టి తీసింది. మళ్ల పెట్టింది. గిదేం కొట్టుకునుడు, లెక్కకు సుత దొరుకుతలేదు అన్నది.

దవాఖానకు నడిచిన. సరోజన కొంగు నడుముకు చెక్కుకొని నా ఎనుకనే. గేటు దాటేదాక గుండె ఉరుకుతనే ఉన్నది. డాక్టర్ అర్ర ముందల బల్ల మీద కూసున్ననో లేదో టక్కున ఆగింది. ఏమెరుగనట్టు మంచిగ నడవవట్టింది. నాకు గుండె మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

డాక్టర్ కొత్తోడు. అంబదాస్ అట, ఆదిలాబాద్ నేతోళ్ల పిల్లగాడు. మీసాలు సుత సరిగ రాలే. ఏమైందని మరాఠీల, కాయ్ ఝాలం సర్దార్ అని మొదలుపెట్టిండు. రబ్బరు గొట్టం పెట్టి ముందట ఇన్నడు, ఎనుక ఇన్నడు. అంత బరాబర్ ఉన్నదన్నడు. గదే ముక్క చిట్టీ మీద రాసిచ్చిండు. మళ్ల అయితే అయితుండంగనే రా, అయిపోయినంక వస్తే నేనేం చూడాలె బాబా అన్నడు. జబ్బుకు తాడు కట్టి గుంజుకరావాల్నా నేను?

 ఇంటికొచ్చినంక సరోజన, మనసుల ఏదన్న బుగులు పెట్టుకున్నవా, చెప్పు అన్నది. నువ్వు సుత గట్లనే అంటున్నవా అని పళ్లెం తోసేసిన. అన్నమంత కింద పడ్డది. ఆమె ఏరుకున్నది. చిట్టీ సందుగుల పారేసిన.

18 నవంబరు, ఆదివారం

ఇయ్యాల అవ్వ ముంగట అయింది. నన్ను కన్న మా అవ్వ ఐలవ్వ ఎవల మాట ఇనేటిది కాదు. పిల్లగాండ్లు జడుసుకొని ఏడిస్తే దడుపు తీసుడని ఒకటి చేస్తది. తెల్లారగట్ల చేదిన సల్లటి నీళ్లు గంగాళంల పోసి, పిల్లగాని మొఖం దాంట్ల ముంచి, గ్రామదేవతల పేర్లన్ని చెప్పి లేపుతది. అవ్వ పుట్టినూర్ల అందరు గట్లనే చేస్తరట. ఇద్దరు పిల్లల తండ్రిని, నన్ను మెడ వట్టుకొని గంగాళం కాడికి తీసుకపోయింది. వద్దే అవ్వా అంటే ఇనలే.

నీళ్లల్ల మొఖం మునిగింది. చలికాలం నీళ్లు, పండ్లు జివ్వుమన్నయి. ఊపిరి బిగవట్టిన. అవ్వ మెడ మీది చెయ్యి తీస్తలేదు, దేవతల పేర్లు అయిపోతలేవు. గప్పుడే, నీళ్లల్ల ఉండంగనే, గుండె ఒక్క చిటికెసేపు ఆగి మళ్ల నడిచింది. మెల్లగ, మంచిగ. నెత్తి లేపిన. ఎట్లున్నది కొడుకా అన్నది. పోయిందే అన్న. ఎందుకన్ననో, నోరు కుట్టేసుకుంటే పోవు.

పొద్దు వంగేటాలకు మా లైనుల కోటర్లన్నిటికి ఎరుకైంది. దడుపు తీస్తే పోయిందంటే అది దడుపే కద, ఇంక సాక్ష్యం ఏం గావాలె? సరోజన నన్ను చూసి ఊపిరి పీల్చుకున్నది. జబ్బు కాదు కద, గది చాలు అన్నది. ఆమెకు జబ్బు అయితే బుగులు. నాకు బుగులు అయితే జబ్బు. ఒక్క ఇంట్ల ఉంటున్నం.

20 నవంబరు, మంగళవారం

బాయిల బొగ్గు మోసే టబ్బు మీద ఎవడో సుద్దతోని రాసిండు, దడ సర్దార్ అని. అచ్చరాలు సుత సక్కగ లేవు. మోచేతితోని తుడిచిన. ముందటికి పోతే ఇంకో టబ్బు మీద ఉన్నది. దాన్ని హనుమంతు తన తువ్వాలతోని తుడిచిండు. హనుమంతు నా జాగల కప్పుకు ఆసరగ కట్టె దిమ్మెలు పెట్టేటోడు. వాడొక్కడే నవ్వలే.

పని అయినంక మొండయ్య పిలిపిచ్చిండు. నిలబెట్టి తిట్టలే, గదే పానం తీసింది. నెమ్మదిగ చెప్పిండు. బండ పడ్డంక ఎవలికైనా అయితదయ్యా, నాకు సుత అయింది చిన్నప్పుడు, నాలుగొద్దులు ఇంట్ల ఉండు, మనసు గట్టిపడ్డంక డాక్టర్ చిట్టీ తీసుకొని రా అన్నడు. లేకుంటే లాంపు రూముల కూసో అన్నడు. లాంపు రూం అంటే దిగేటోళ్లకు దీపాలిచ్చి, ఎక్కినోళ్ల కాడ తీసుకునే పని. కాళ్లు ఇరిగినోళ్లు, కండ్లు పోయినోళ్లు కూసుండే జాగ. సార్, నేను దడుసుకోలే, గుండెల ఏదో అయితుంది అన్న. అవునయ్యా, దడుసుకుంటే గుండెలనే అయితది అన్నడు.

23 నవంబరు, శుక్రవారం

మళ్ల అంబదాస్ డాక్టర్ కాడికి పోయిన. గుండె మంచిగనే ఉన్నది, నేను మంచిగ లేను. పోంగనే అడిగిన, సార్, నాది భయమా జబ్బా ఇయ్యాల తేల్చుండి అని. గొంతు జర పెద్దగనే అయింది. వాకిట్ల కూసున్నోళ్లు చూసిండ్రు. పిల్లగాడు కోపానికి రాలే. తలుపు వేసి కూసోమన్నడు.

"ఎట్ల మొదలైతది? మెల్లమెల్లగ ఎక్కుతదా, ఒక్కసారే అందుకుంటదా?"

ఒక్కసారే, స్విచ్చేసినట్టు అన్న. ఆగుడో అన్నడు. ఆగుడు సుత గట్లనే, టక్కున. ఆగినంక మూత్రం ఎట్ల వస్తదని అడిగిండు. నాకు సిగ్గయింది. మస్తు వస్తది సార్, ఆగినంక గోడలు ఎతుక్కుంట తిరుగుత అన్న. గా మాటకు డాక్టర్ బల్ల మీద చెయ్యి కొట్టి, బరాబర్, బరాబర్ అని నవ్విండు. పిల్లగానికి మతి పోయిందనుకున్న. మొట్టమొదట ఎన్నడైందని అడిగిండు. యాది చేసుకున్న. దసరా నాడు జమ్మికి పోదామని చెప్పులేసుకోను వంగితే అయింది. బండ పడుడు గా తర్వాతి సంగతి.

గప్పుడు చెప్పిండు. గుండెను నడిపిచ్చే కరెంటు ఒకటి గుండెలనే ఉంటదట. నా అసొంటోళ్లకు అది అప్పుడప్పుడు తొవ్వ తప్పి ఒక్క కాడనే గుండ్రంగ తిరుగుతదట. తిరిగినంత సేపు గుండె ఉరుకుతదట. భయం అయితే మెల్లగ ఎక్కి మెల్లగ దిగుతది, గిట్ల టక్కున రాదు, టక్కున పోదన్నడు. నీది భయం కాదు సర్దార్ అన్నడు.

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇన్నొద్దుల సంది ఒక్క మనిషి గా మాట అంటడా అని చూస్తున్న. రాసియ్యుండి సార్, మొండయ్య మొఖాన కొడుత అన్న.

"రాస్త. గుండె ఉరుకుడు నా చేతికి దొరికిన నాడు రాస్త. కని ఒకటి ఇను. నేను గా మాట రాస్తే నువ్వు మళ్ల బాయి దిగవు. గుండె ఎన్నడు ఉరుకుతదో తెల్వనోన్ని బాయిలకు పంపరు."

గోలీలున్నయి కద సార్ అన్న. ఉన్నయట. జర కమ్మిగ వస్తదట, రానే రాదని చెప్పలేనన్నడు. మరి భయమే అయితే సార్ అని అడిగిన. భయం అయితే ఏమున్నది, పోయిన నాడు దిగొచ్చు అన్నడు.

చాయ తాగకు, బీడీలు తగ్గియ్యి అని ఇంకేందేందో చెప్పిండు. నేను ఇనలే.

24 నవంబరు

భయమే అయి ఉండొచ్చు.

25 నవంబరు, ఆదివారం

మంచిగ ఆలోచన చేస్తే భయమే. బండ పడ్డప్పుడు నేను అందరికన్న ఎనుక ఉన్న, గా గాలి నా ఈపుకు తాకింది. మనిషన్నంక బుగులు కాదా? దసరా నాటిది వేరే, గా నాడు ఎండల తిరిగిన. డాక్టర్ పిల్లగాడు, పుస్తకంల చదివింది ఎవల మీదనన్న పెట్టి చూడాలె అనుకుంటడు.

అవ్వను పిలిచి, నాకు మళ్ల దడుపు తియ్యవే అన్న. అవ్వ నన్ను ఎగాదిగ చూసింది. మొన్న తిట్టినవు కదరా అన్నది. వాకిట్లనే తియ్యి, అందరు చూడని అన్న. గంగాళం వాకిట్ల పెట్టింది. లైనోళ్లందరు వచ్చిండ్రు. గుండె ఏం ఉరుకుతలేదు, అయినా మొఖం ముంచిన. లేచి, ఇగ పోయిందే, మొత్తం పోయింది అని గట్టిగ అన్న. సరోజన తువ్వాల ఇచ్చింది. ఆమె నవ్వలే. ఆమె ఎందుకు నవ్వలేదో నాకు తెల్వది.

26 నవంబరు

సందుగులకెళ్లి గా చిట్టీ తీసిన, అంత బరాబర్ అని రాసింది. సాపు చేసి మొండయ్యకు ఇచ్చిన. భయం అయిన మాట నిజమే సార్, అవ్వ దడుపు తీసింది, పోయింది అన్న. చిట్టీ మీది తారీఖు ఆయన చూడలే, నేను చూపెట్టలే. వచ్చే సోమవారం సంది దిగు అన్నడు.

3 డిసెంబరు, సోమవారం

దిగిన. బొగ్గు వాసన, తడి వాసన, దిమ్మెల వాసన తాకంగనే పానం లేచొచ్చింది. నా కట్టె నా చేతిల ఉన్నది. ఇంత మంచిగ ఎన్నడు లేను. మూల మలుపు కాడ ఒకపారి అయింది. నీళ్ల డబ్బ తీసుకొని దిమ్మెల సాటుకు పోయి మొఖాన గుమ్మరిచ్చుకొని ఊపిరి బిగవట్టిన. ఆగింది. హనుమంతు చూసి, ఏందన్నా మొఖమంత తడి అన్నడు. చెమట అన్న. గింత చలిలనా అన్నడు. నీ పని నువ్వు చూసుకోరా అన్న.

బాగనే ఉన్నది. ఆగుతుంది కద. జబ్బు అయితే నీళ్లకు ఆగుతదా?

5 డిసెంబరు

బాగనే ఉన్నది.

8 డిసెంబరు, శనివారం

బాగనే ఉన్నది. కప్పు చూసిన, కట్టె కొట్టిన, గుర్తు పెట్టిన. మనుషులు పోయి పని చేసిండ్రు, బయటికి వచ్చిండ్రు. ఏం కాలే. మోత మంచిగనే ఉండె.

ఉండె కావచ్చు.

కట్టె కొట్టే యాల్లకే అందుకున్నది. నీళ్ల డబ్బ ఎనుక మర్చిపోయిన. అందరు నా మొఖం చూస్తున్నరు. ఇంకొక్క చిటిక ఆగితే మళ్ల దడ సర్దార్ అంటరు. కట్టె కప్పుకు తాకుతుంది, కండ్లకు కనపడ్తుంది. చెవులల్ల గుండె తప్ప ఏం లేదు. సుద్ద తీసి గుర్తు పెట్టిన. పోండ్రి అన్న. పోయిండ్రు.

ఏం కాలే కద. ఏం కాలే.

9 డిసెంబరు, ఆదివారం

హనుమంతు, వాని పెండ్లాం పొద్దున వచ్చిండ్రు. బిడ్డ పుట్టింది వానికి, తొట్లెల వేసే దినానికి పిలుస్తున్నరు. అవ్వ మురిసిపోయి సర్వపిండి చేసింది. వాడు తినుకుంట సరోజనతోని నా గురించి చెప్తుండు. వదినా, వేరే సర్దార్ల కింద చేసినప్పుడు నేను ఊకె మీదికే చూసేటోన్ని అన్నడు.

"అన్న గుర్తు పెట్టిండంటే నేను మీదికి సుత చూడ. సీదా పోయి దిమ్మె పెట్టుడే."

నా చేతిల సర్వపిండి ముక్క ఉండె. నోటికి పోలే. కడుపుల మంచిగ లేదని లేచి బయటికి పోయిన. పెరట్ల అటిటు తిరిగిన. వాళ్లు పోయేదాక లోపలికి రాలే. సరోజన వచ్చి నా పక్కన నిలబడి, నీకు పోలేదు కద అన్నది. పోయింది అన్న. నా మీద ఒట్టు పెట్టు అన్నది. నీకేం పని లేదా అని అరిచిన. ఆమె పోలే, గాడనే నిలబడ్డది. 

11 డిసెంబరు, మంగళవారం

ఇయ్యాలనే రాయాలె.

పొద్దున మా జాగకు పోయినం. కొత్తగ తొవ్వ తీసిన జాగ, దిమ్మెలు ఇంక పెట్టలే. హనుమంతు దిమ్మె భుజాన పెట్టుకొని నా ఎనుక నిలబడ్డడు. వాని ఎనుక మిగిలినోళ్లు. నేను కప్పుకు చెయ్యి ఆనిచ్చి కట్టె ఎత్తిన. ఎత్తంగనే అందుకున్నది. నీళ్ల డబ్బ నడుముకే ఉన్నది. ఇప్పేటాలకు చేతులు ఆడతలేవు.

కట్టె కొట్టిన. గుండె మోతనే. మళ్ల కొట్టిన. గుండె మోతనే. చెవులల్ల, పండ్లల్ల, కప్పుకు ఆనిచ్చిన చేతిల సుత గదే. ఎనుక ఎవడో చిన్నగ దగ్గిండు, జల్ది కానియ్యి అన్నట్టు. సుద్దముక్క నా చేతిలకే వచ్చింది. ఎట్ల వచ్చిందో నాకే తెల్వది. హనుమంతు ముందటికి అడుగేసిండు. నిజంగనే వాడు మీదికి చూడలే.

వాని భుజం మీది దిమ్మె పట్టుకొని ఆపిన.

"నాకు ఇనపడ్తలేదు."

ఏమన్నవన్నా అన్నడు.

"కప్పు ఇనపడ్తలేదురా. నా గుండె తప్ప ఏం ఇనపడ్తలేదు. బయటికి నడవుండ్రి అందరు."

మాట ఇని అందరు ఎనుకకు నడిచిండ్రు, అయితే గొణుక్కుంట నడిచిండ్రు. మొండయ్య వచ్చిండు. నా చేతిలకెళ్లి కట్టె గుంజుకొని పోయి తనే కొట్టి చూసిండు. వచ్చి, నిండుగ ఉన్నది కదయ్యా, ఎవలన్న చెప్తరు, మళ్ల దడనా అన్నడు. అవును సార్, దడనే అన్న. నవ్వినోళ్లు నవ్విండ్రు. సుద్దముక్క మొండయ్య చేతిల పెట్టి ఎనుకకు తిరిగిన.

కప్పు నిండుగనే ఉన్నది. బండ పడలే. పడితే నన్ను దేవుడనేటోళ్లు. పడనందుకు నాకు సంతోషమే, నిజంగ సంతోషమే. శనివారం నాటి కప్పు ఎట్లుండెనో మాత్రం ఎవలు చెప్పలేరు.

హనుమంతు నా రెక్క పట్టుకొని బాయి మీదికి తీసుకొచ్చిండు. మస్టర్ కాడ పీపా నిండ సల్లటి నీళ్లున్నయి. మొఖం కడుక్కో అన్నా, తేలికైతది అన్నడు. వద్దురా, కడుక్కుంటే ఆగిపోతది అన్న. ఆగితే మంచిదే కద అన్నడు. ఆగితే డాక్టర్‌కు దొరకది అన్న. పీపా దాటి పోయిన. గంత కష్టమైన పని నేను బాయిల సుత చెయ్యలే. ఒక్క దోసెడు నీళ్లతోని అయిపోయేది, రేపటికి మళ్ల ఏదన్న చెప్పుకొని దిగేటోన్ని.

తొవ్వల చెప్పిన వానికి. శనివారం సుత ఇనపడలేరా, ఇనపడకుంటనే గుర్తు పెట్టిన అని. వాడు నా రెక్క ఇడిసిపెట్టిండు. ఇద్దరం గట్లనే నడుస్తున్నం, వాని దిక్కు వాడు, నా దిక్కు నేను అన్నట్టు. రైలుకట్ట కాడ నాకు కండ్లు తిరిగి తూలిన. వాడు వచ్చి మళ్ల పట్టుకున్నడు. 

డాక్టర్ అర్రలకు పోయేటాలకు ఇంక ఉరుకుతనే ఉన్నది. అంబదాస్ నా మణికట్టు పట్టుకున్నడు, మెడ చూసిండు, గొట్టం పెట్టిండు. దొరికింది అన్నడు. పడుకోబెట్టి, ముక్కు మూసుకొని గట్టిగ ముక్కు అన్నడు. ముక్కు మూసుకొని ముక్కుడేందో గంత బాధల సుత నాకు నవ్వొచ్చింది. ముక్కిన. ఆగలే. గప్పుడు దవడ కింద మెడకు ఒక్క పక్కన రెండు వేళ్లు ఆనిచ్చి మెల్లగ ఒత్తిండు. ఇది నువ్వు చేసుకోవద్దు, నేనే చెయ్యాలె అన్నడు. గుండె ఆగింది. లోపల ఏం లేదు, ఉట్టి జాగ. పానం పోయిందనుకున్న. మళ్ల కొట్టింది. ఒకటి. ఇంకొకటి. మెల్లగ.

హనుమంతు తలుపు కాడ నిలబడి ఉన్నడు. డాక్టర్ రాస్తున్నడు. నేను రాయకుండి అనలే.

13 డిసెంబరు

అన్‌ఫిట్ అని వచ్చింది. పొద్దంత పండుకున్న. లేవబుద్ధి కాలే.

16 డిసెంబరు, ఆదివారం

డాక్టర్ ఇంటికే వచ్చిండు, గోలీలు ఎట్ల ఏసుకోవాల్నో చెప్పనీకి. గంగాళం సంగతి ఇని అవ్వను పిలిచి మరీ చెప్పిండు, నీ మందు బరాబరే అవ్వా, సల్లటి నీళ్లల్ల మొఖం పెట్టి ఊపిరి బిగవడితే గీ గుండె ఉరుకుడు ఆగుతది, మేం సుత గసొంటిదే చెప్తం అని. అది దడుపు మాత్రం కాదు, జబ్బు అన్నడు. అవ్వ మొదటి సగమే ఇన్నది. నేను ముందుగాలనే చెప్పలేనా అని లైనంత తిరుగుతుంది.

సరోజన ఏడుస్తదనుకున్న, ఏడ్వలే. జబ్బు అని తెలిసినంక ఆమెకే మంచిగ నిద్ర పడ్తుందట. నాకు చాయ బంద్ చేసింది. చాయ లేక నేను బేచైన్ అయితున్న. అందరి మీద అరుస్తున్న. బాయి సైరన్ కూస్తే కాళ్లు లేస్తున్నయి, లేచి వాకిలి దాక పోయి మళ్ల వస్తున్న. నా బూట్లు ఎవలన్న ముట్టుకుంటే ఊరుకోనని చెప్పిన.

హనుమంతు రాలే. తొట్లెల వేసే దినానికి సరోజన ఒక్కతే పోయొచ్చింది.

7 జనవరి 1963, సోమవారం

లాంపు రూముల వారం సంది కూసుంటున్న. దీపాలు తుడుస్తున్న, ఇస్తున్న, తీసుకుంటున్న. మా జాగకు కొత్త సర్దార్ వచ్చిండు. వాడు కట్టె ఎట్ల కొడ్తున్నడో అని పొద్దుగూకులు నాకదే రంది. వాడు మంచోడే కావచ్చు. నాకు వాని చెవులు తెల్వవు.

ఇయ్యాల పొద్దున దీపాల కోసం అందరు వరుసకు నిలబడ్డరు. వరుసల హనుమంతు ముందటికి వచ్చిండు. దీపం తీసుకోలే. వాని చేతిల నా కట్టె ఉన్నది. మొండయ్య ఇచ్చిండట. సర్దార్ పరీచ్చకు పేరిచ్చిన అన్నా, మోత నేర్పాలె నువ్వు, నాకు వేరేటోళ్ల మీద నమ్మకం లేదు అన్నడు. నా మీద ఉన్నదారా అని అడిగిన.  గా మంగళవారం కాడికెళ్లి ఉన్నది, శనివారంది ఇంక కోపమే ఉన్నది అన్నడు. మంచిదే అన్న. ఉండాలె.

లాంపు రూముల నా ఎనుక ఉన్న గోడ సగం బండ, సగం మట్టి. మట్టిల ఎలుకలు తొలిచిన జాగలున్నయి. గోడకు చెయ్యి ఆనిచ్చి కండ్లు మూసుకో, నేను చెప్పిన కాడ కొట్టు అన్న. మొదటి దెబ్బకు నేను నిండు అన్న, వాడు అవునన్నడు. ఇంకో కాడ కొట్టు అని నేలపొంటి చూపెట్టను వంగిన. వంగంగనే అందుకున్నది.

వాడు కట్టె కొట్టిండు. ఇది ఎట్లున్నదన్నా అని అడిగిండు. వరుసల ఉన్నోళ్లందరు చూస్తున్నరు. నిండుగ ఉన్నదనో డొల్లగ ఉన్నదనో నోటికొచ్చింది అంటే ఎవలికి తెలుస్తది, గోడనే కద.

"ఆగు" అన్న. "నాకు దడ అయితుంది."

వరుసల ఎవడో కిసుక్కుమన్నడు. హనుమంతు వాని దిక్కు చూడలే, నా దిక్కే చూసుకుంట, లేపిన కట్టె లేపినట్టే పట్టుకొని నిలబడ్డడు. నేను పీట మీద కూసొని, ముక్కు మూసుకొని, డాక్టర్ చెప్పినట్టు గట్టిగ ముక్కిన. మొఖం ఎర్రగయి ఉంటది, నవ్వుకునేటోళ్లు నవ్వుకోని. ఒకపారి కాలే. ఇంకోపారి ముక్కిన. టక్కున ఆగింది. చెవులు ఖాళీ అయినయి. బయట టబ్బులు కదిలేటి మోత ఇనపడ్డది, వరుసల చెప్పుల మోత ఇనపడ్డది.

"ఇగ కొట్టు" అన్న.